మెత్తనిది

ధర్మాబాద్‌ల ఎవరు దగ్గినా
నేరం మిరపకాయ మీదికే పోతది.
ఇయ్యాల మాత్రం
కల్లంల ఆరబోసిన ఎరుపు మీద
ఎవరో పిండి జల్లెడ పట్టినట్టుంది.
స్టేషను అవతలి నీళ్ల ట్యాంకు కనిపిస్తలేదు.

"రాజస్థాన్ దుమ్మంట,"
ముక్కుకు కొంగు చుట్టుకుంట అన్నది
తూకం కాడి సుభద్రవ్వ.

గంగన్న ఒక కాయను వేలుతో తుడిచి
బొటనవేలికి రాసి చూసిండు.
కువైట్‌ల పదకొండేండ్లు
కిటికీ సందులల్ల తడిగుడ్డలు కుక్కినోడు.
"ముతకది తొవ్వలనే దిగిపోతది.
ఇంత మెత్తంది సముద్రం దాటొచ్చిందే,"
అన్నడు, పాత సేటును గుర్తువట్టినట్టు.

తొడిమెలు తీసే సాయవ్వ
బిడ్డ ఇన్‌హేలర్‌ను చెవికాడ ఊపింది,
ఇంకెన్ని పీల్పులున్నయో అని.

లారీ వచ్చే యాళ్లయింది.
గోనెసంచులు దులిపినం.
దులిపిందంత కొంచెంసేపు నిలవడి
మా మీదనే వాలింది.