రేకులు లేచిపోయే ఊరు

ఇక్కడి గాలి సంగతి మీకు తెలీదు.
కన్యదోన్ లార్గోలో కుక్కలు కూడా
ఒక పక్కకి ఒరిగి నడుస్తాయి.
పాతగోనియా అంతా ఇంతే అంటారు, నాకీ ఊరే తెలుసు.
మొన్న మార్చిలో మా సినిమా హాలు పైకప్పు రేకొకటి
పదకొండు కిలోమీటర్లు లేచిపోయి
ఎవరిదో గొర్రెల దొడ్డిలో దొరికింది,
సిగ్గూ ఎగ్గూ లేకుండా మెరుస్తూ.

ఆ హాల్లో టికెట్లు చింపేది నేనే. ఇరవై రెండేళ్లుగా.
గురువారం రాత్రి ఆట ఎప్పుడూ ఒకటే రకం:
ఒక కుర్రాడు, ఒక పిల్ల, వాళ్లది కాని కారు.
రీళ్లు వేసే వుకాసోవిచ్ ముసలాడికి వేరే కథలు గిట్టవు.
"కదలనివి చూడాలంటే ఇంట్లో కిటికీ ఉందిగా" అంటాడు.

ఈ వారం వాళ్లు దొంగిలించింది శవాల బండి.
వెనక పెట్టెలో పిల్ల మేనమామ.
రెండో రీల్లో లేచి కూర్చుని
కుదుపులెక్కువయ్యాయని సణిగి
సిగరెట్టుందా అని అడిగాడు.
పెట్రోలు బంకులో పెట్రోలు లేదు,
మూడంతస్తుల పెళ్లి కేకు ఉంది.
పంపు పట్టుకున్న సన్యాసిని
పంచదార పెళ్లికొడుకు తల కొరికి
"కొంచెం పాతబడ్డాడు" అంది.
టై కట్టుకున్న గ్వానాకో దారి చెప్పింది, తప్పు దారి.
తరుముతున్న పోలీసు మధ్యలో జీపాపి
వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏడ్చాడు.
ఎవరో కాల్చారు. ఎవరికో తగిలింది.

హాలంతా ఒకటే నవ్వు.
మూడో వరసలో
పోయిన నెలే మొగుణ్ని పాతిపెట్టొచ్చిన డోన్యా ఫిలోమేనా
కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వు.
శవం సిగరెట్టడిగినప్పుడు
ఆమె చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది.
నేను చూశాను.
అగ్గిపెట్టె.

ఏముంది ఈ పిచ్చిలో, అంటుంది స్కూలు పంతులమ్మ.
ఏం చెప్పను.
మామూలు సినిమా నన్ను ప్రేమని నమ్మమంటుంది,
అది నా చేతకాదు.
ఇది గ్వానాకో టైని నమ్మమంటుంది.
అంతది మింగాక, ప్రేమెంత, వేలెడంత,
దాని వెనకే జారిపోతుంది గొంతులోకి.

నేనూ ఒకసారి లేచిపోయాను.
పంతొమ్మిదేళ్లప్పుడు, ఫ్రోయిలాన్‌తో,
వాళ్ల బాబాయి గ్యాస్ సిలిండర్ల లారీలో.
వెనక సిలిండర్లు చర్చి గంటల్లా మోగుతుంటే
అయిపోయింది పెళ్లి, అనుకున్నాం.
నలభయ్యో కిలోమీటరు దగ్గర నాకు పాలు గుర్తొచ్చాయి.
స్టవ్ కట్టేశానా?
కట్టేశావన్నాడు. చూశావా అన్నాను.
నేనెందుకు చూస్తానన్నాడు.
లారీ తిప్పాం.
పాలు పొంగలేదు. స్టవ్ కట్టేసే ఉంది.
మేం పోయినట్టు ఇంట్లో ఎవరికీ తెలీనే లేదు.
పోలీసుల్లేరు, తుపాకుల్లేవు,
మా అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.
ఆర్నెల్లకి వాళ్లే పెళ్లి చేశారు.

సినిమా పిల్లలకి పాలు గుర్తురావు.
జలుబు చెయ్యదు. చిల్లర లెక్కపెట్టరు.
కానీ మ్యాపు తలకిందులుగా పట్టుకుని
నువ్వంటే నువ్వని పోట్లాడుకుంటారే,
వెనకాల శవం కూడా ఓ మాటేస్తుందే,
అక్కడ నవ్వుతూ నవ్వుతూ
ఊపిరి అందదు నాకు.

ఆఖరి రీలు చివర తెగిపోయి ఏళ్లయింది.
శవాల బండి సముద్రం మీది కొండ అంచుకొస్తుంది,
బ్రేకు మీద కాలుందో లేదో చూపించేలోగా
తెర తెల్లబడుతుంది.
పడ్డారని ఆయిల్ బావుల కుర్రాళ్లు పందెం.
గాలి ఎటుందో చూడకుండా ఎలా చెప్తారని వుకాసోవిచ్.
ఫిలోమేనా ఏమీ అనలేదు,
అగ్గిపుల్ల గీసింది, ఆరింది,
ఇంకోటి గీసింది.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
రోజూ అడిగేదే, దుప్పట్లోంచి ఫ్రోయిలాన్:
"స్టవ్ కట్టేశావా?"

కట్టేశాను. రెండుసార్లు చూశాను కూడా.
"లేదు" అన్నాను.

ఒక్క క్షణం చీకట్లో నా వైపు చూసి
దుప్పటి తన్నేసి, ఒంటి చెప్పుతో
లేచి పోయాడు,
వంటింటి దాకా.