మోహనలో ఇద్దరు కనబడుటలేదు

వీణ చెయ్యగా మిగిలిన పనస చెక్కతో
వడ్రంగి సోమేశు టీవీ పెట్టె చేశాడు.
లోపల ఏమీ లేదు. ముందు నీలం జిలుగు కాగితం,
పక్కన రెండు గుండీలు. వీణ బిరడలే అవి,
తిప్పితే కిర్రుమనేవి.

బొబ్బిలి, గోగునార మిల్లు క్లబ్బు,
విశ్వకర్మ పూజ రాత్రి.
అసలు టీవీ స్టాఫ్ క్వార్టర్సులో ఒక్కటే ఉండేది.
కిటికీ ఊచల్లోంచి చూసేవాళ్ళం,
సగం బొమ్మ, సగం చీమలు.
ఆ రాత్రి చీమల వేషం మాదే.
నేనూ, ఇంకో నలుగురు గుంటలూ
చేటల్లో ఇసక పోసి ఊపడం.

డిస్పెన్సరీ నర్సు విక్టోరియమ్మ
జడలో గులాబీతో, రెప్ప వెయ్యకుండా నవ్వింది:
"తదుపరి, వంకాయలో కాయతొలుచు పురుగు.
సంగీత రూపకం."
పల్లవిలో పురుగు తొలిచింది.
అనుపల్లవిలో మందు డోసు.
చరణంలో రైతుకి కళ్ళు తిరిగాయి.

తర్వాత దీపాలు తగ్గించారు.
పెళ్ళిళ్ళలో అరిగిన పోలయ్య క్లారినెట్టు
పిల్లిలా నాలుగు మెట్లు దిగింది.
వచ్చాడు డిటెక్టివు, స్పిన్నింగు లెంక అసిరయ్య.
గోనెసంచి కోటు, వీపు మీద
'నికర బరువు వంద కిలోలు'.
మనిషి నలభై అయిదు.
నోట్లో అడ్డపొగ చుట్ట, నిప్పు లోపలికి,
ఆధారాలు బయటపెట్టని రకం.

"ఏటైనాది?"

హార్మనీ ముందు టైమాఫీసు వెంకటప్పడు ఫిర్యాదిచ్చాడు:
"మోహన రాగం ఇంట్లోంచి ఇద్దరు మాయం బావూ."

స ని అడిగాడు.
"నాను కదల్నేదు. పుట్టిన కాడే ఉన్నాను."
ప కూడా అదే పాట.
కదలని సాక్షులు ఎప్పుడూ ఏమీ చూడరు.
రి కి ఎన్ని మొహాలో గోడ మీద గీసి చూపించాడు.
గ ఏడ్చింది, కొంచెం శ్రుతి తప్పి.
ద మాత్రం తలుపెనకాల నిలబడి
"ఆళ్ళిద్దరూ ఆపీసు గదిలోకెల్లడం సూసినాను.
తిరిగొచ్చింది నేదు" అంది.

దొంగ పేరు నాలిక చివరికి వచ్చినప్పుడల్లా
నేను అట్ట ఎత్తాలి:
అంతరాయానికి చింతిస్తున్నాం.
చేటలు ఊగేవి.
మూడుసార్లు ఎత్తాను. మూడుసార్లూ హాలు పడీ పడీ నవ్వింది.
ముందు వరసలో మేనేజరు గారు, సంగీతం తెలిసినాయన,
మోకాలి మీద ఆదితాళం వేస్తూ
అందరికంటే గట్టిగా నవ్వాడు.

"పోనాళ్ళ పేర్లేటి?"
"మ."
"రెండోది?"
"ని."

అసిరయ్య నోట్లోంచి చుట్ట తీశాడు.
పెట్టెలోంచి మెడ బయటకి పెట్టి, మా అందరికేసీ చూసి
"రెండూ కలిపి అనండ్రా బావూ."

క్షణం సేపు ఎవరికీ అందలేదు.
వెనక బెంచీ మీద బీమింగు సెక్షను ముసలాయన,
మూడేళ్ళ బోనసు వేళ్ళ మీద మోస్తున్నవాడు,
మొదటి సంగీత పాఠంలా, ముక్కుతూ
"మ... ని."

అప్పుడు హాలంతా. మని. మని. మని.
మోహన కాదది, ఏ రాగమూ కాదు.
రెండు స్వరాలు, మగ్గం లయ.

మేనేజరు గారి చెయ్యి
తాళం మధ్యలో, వేళ్ళు లెక్కపెట్టే చోట,
ఆగింది.

నేను అట్ట ఎత్తాల్సిన నాలుగోసారి అదే.
ఎత్తలేదు.
మరిచిపోయానని చెప్పాను అందరికీ,
మా నాన్నకి కూడా.

అసిరయ్యకి ఏడాది పొడుగునా నైట్ షిఫ్టు.
దీపావళికి సగం బోనసొచ్చింది.
"మ దొరికినాది, ని ఇంకా పరారీలోనే ఉంది" అన్నాడు
గేటు దగ్గర, కోటు లేకుండా.

బిరడలు సోమేశు వెనక్కి పట్టుకుపోయాడు,
ఎవరి వీణకో బిగించాడు.
ఎక్కడికి అమ్ముడైందో తెలీదు.
మీ ఇంట్లో వీణ ఉంటే
శ్రుతి చేసేటప్పుడు చెవి పెట్టండి.
కిర్రుమంటే
అది మా టీవీ.