ఎడమ కాలు

వాసన ముందొచ్చింది, వ్యాను తర్వాత వచ్చింది.
కాలిన కొమ్ము, మాడిన జుట్టు కలిసిన వాసన.
కుతాయిసిలో, రియోని ఒడ్డున ఈ షెడ్డులో
ముప్పై ఏళ్లుగా ఆ వాసనే నాకు రొట్టె పెడుతోంది.

"ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు.
ఓనీ దారి ఎత్తులో ఆవులు నన్ను దాటిపోయాయి"
అన్నాడు జావూరి, టోపీ చేతిలో నలుపుతూ.
నేను నవ్వలేదు. ఎతెరీ నవ్వింది.
నా మేనకోడలు, పందొమ్మిదేళ్లు.
గేర్‌బాక్సు కింద జాకీ పెట్టడంలో
నాకంటే నెమ్మది, నాకంటే మేలు.

ఉయ్యాల్లోంచి ఎలుగుబంటిని దింపినట్టు
గేర్‌బాక్సు దింపాం.
చూడు, అన్నాను.
ఇటు తిరిగేది ఇంజిన్, అటు తిరగాల్సింది చక్రాలు,
మధ్యవర్తి ఈ పళ్లెం. గోరంత మందం కూడా మిగల్లేదు.
పెడల్ వదిలితే స్ప్రింగు దీన్ని ఫ్లైవీల్‌కేసి అదుముతుంది.
తొక్కితే విడిచిపెడుతుంది.
పట్టుకోవడం, వదలడం
రెండే పనులు తెలిసిన దాన్ని
నువ్వు మూడో పనికి పెట్టావు.
పట్టీ పట్టనట్టు, వదిలీ వదలనట్టు
కాలు ఊరికే పెడల్ మీద ఆనించి.
రుద్దుకుని రుద్దుకుని రివెట్లు బయటపడ్డాయి,
రివెట్లు ఇనుములో చాళ్లు దున్నాయి.

ఫ్లైవీల్ మీద మచ్చలు,
నెమలికంఠం రంగు.
ఎంత వేడికి ఇనుము అంత అందంగా అవుతుందో
తెలిసినవాడెవడూ దాన్ని మెచ్చుకోడు.
జావూరి ఒక్కో మచ్చ మీద వేలు పెట్టాడు:
ఇది వంతెన మలుపు,
ఇది బంగాళదుంపల బస్తాలు ఎక్కించిన రోజు,
ఇది... ఇది తెలీదు.

ఒక్క చక్రం కాదది, రెండు. నడుమ స్ప్రింగులు, గ్రీజు.
డీజిల్ ఇంజిన్ తన్నుతుంది, దాని పుట్టుకే అంత.
ఆ తన్నులన్నీ కడుపులో దాచుకుని
గుండ్రంగా చేసి అవతలికి ఇవ్వడం దీని ఉద్యోగం.
మెలితిప్పితే కాస్త జరగాలి, మళ్లీ వెనక్కి రావాలి.
జరిగింది. రాలేదు.
ఊపితే లోపల గులకరాళ్లు.
గ్రీజు ఎండి నల్లబెల్లమైంది.

"లేతు మీద ఓ పొర గీకిస్తే?"
పాత బండ్లకైతే అదే చేసేవాణ్ణి. దీనికి చెల్లదు.
ధర చెప్పాను.
గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు,
పోయినేడాది క్యాలెండర్.

ఎతెరీయే అడిగింది: "కాలు ఎందుకు తియ్యవు మామా?"

"పొగమంచు రాత్రి. రోడ్డు ఉందనుకున్న చోట లేదు.
ఆపగలిగాను.
వెనక పదకొండు మంది నిద్రలో ఉన్నారు.
వాళ్లకి ఇప్పటికీ తెలీదు.
అప్పట్నుంచి కాలు దానంతటదే అక్కడికి పోతుంది."

గురువారం బస్సులో తిబిలిసి నుంచి సరుకొచ్చింది:
కొత్త ఫ్లైవీల్, పళ్లెం, ప్రెషర్ ప్లేట్,
కీచుమనే పాతదాని బదులు బేరింగు.
పూత నూనె తుడవాలి, జిడ్డు వేలిముద్ర కూడా ఉండకూడదు.
క్లీనర్ డబ్బా ఖాళీ.
జావూరి సీటు కింద నుంచి సీసా తీశాడు,
మావగారు కాచిన ద్రాక్ష సారా.
ఇనుముకి ముందు పోశాం.
బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం,
చీపురుకర్ర చెక్కి చేసిన పుల్లతో పళ్లెం నడిమికి తెచ్చాం.
అంతా అయ్యాక మిగిలిన సారా సంగతి చూశాం.

తాళం ఇచ్చే ముందు ఎతెరీ వంగి
పెడల్‌కి ఎడమ పక్కన చెక్కదిమ్మ ఒకటి బిగించింది.
"కాలికి ఇల్లు" అంది. అంతకుమించి చెప్పలేదు.

పాత ఫ్లైవీల్ తనకే కావాలన్నాడు జావూరి.
వాళ్లావిడ క్యాబేజీ ఊరేసే పీపా మీద
బరువుకి పెట్టిందట,
నీలం మచ్చలు పైకి కనిపించేలా.

మూడు వారాలకి నూనె మార్చడానికి వచ్చాడు.
ఎతెరీ ముందు తలుపు తీసి కిందికే చూసింది.
దిమ్మ మీద బూటు మట్టి ఉంది,
కొంచెం.
పెడల్ మీదా ఉంది.