పన్ను వెనక గాడి

బైకాల్ సరస్సు ఒడ్డున, బడి వంటగదిలో
నా పని ప్లాస్టర్ కలపడం.
పెరుగంత చిక్కగా రావాలి,
ఆలస్యమైతే గిన్నెలోనే రాయి.

ఈ శీతకాలం నలభైమూడు నోళ్ళు.
ఒక్కొక్కరే వచ్చి మైనాన్ని కొరికి పోతున్నారు.
ముందుపళ్ళు ఊడిన ఆయుర్ మాత్రం
"వచ్చే ఏడు వస్తా" అని
చిగుళ్ళతో నవ్వి, చాక్లెట్ లాక్కుని
మంచులోకి పరిగెత్తాడు.

డాక్టర్ సెసెగ్మా అచ్చుల్ని కిటికీ వెలుగులో తిప్పి చూస్తుంది.
ముందుపన్ను వెనక అంచులు రెండూ లేచి
నడుమ సన్నటి గుంట,
బొమ్మ పారలాగా.
"నాలుకతో తడిమి చూసుకో" అంది నన్ను.
ఉంది.
ముప్పయ్యారేళ్ళు పక్కనే కాపురమున్న నాలుక
ఒక్కసారీ చెప్పలేదు.

రేవు దారి తవ్వుతుంటే బయటపడిన ఆవిడకీ అదే గుంట.
ఏడువేల ఏళ్ళుగా ఎర్రమన్ను కప్పుకుని పడుకుంది,
మెడలో దుప్పి పళ్ళ దండ,
తోళ్ళు నమిలి నమిలి అరిగిన దవడ.
పుర్రెకో బుద్ధి అంటారు,
ఈ పుర్రెది ఏ బుద్ధో,
ఎవర్ని కసిరేదో, ఎవరికి దాచిపెట్టేదో.

చేపలు పట్టే నమ్‌సరాయ్ తాత
ఆ పన్ను సంగతి విన్న రోజునుంచీ
గుంత దగ్గర రోజూ గుక్కెడు పాలు పోస్తున్నాడు.
"మా అవ్వ" అంటాడు.
చలికి పాలు నేలను తాకకముందే గడ్డకడతాయి.

మంచు పగిలే నెలలో ఉత్తరం వచ్చింది.
చెవి వెనక రాయిలాంటి ఎముకలోంచి
గోరంత పొడి తీసి చదివారట.
ఊరివాళ్ళతో కలిసింది కొంచెమే,
చాటలో మిగిలిన తవుడంత.
తల్లి నుంచి తల్లికి వచ్చే గీత మాత్రం
మేం ఉమ్మి అడిగిన వాళ్ళెవరిలోనూ లేదు.
ఉత్తరానికి వెళ్ళిపోయారో,
ఆడపిల్ల పుట్టని ఇంట్లో ఆగిపోయారో.

"పోలిక వేరు, పొత్తు వేరు" అంది సెసెగ్మా
అద్దాలు తుడుచుకుంటూ, తుడుచుకుంటూ.
తాతకి చెప్పడానికి నన్ను పంపింది.

వల అల్లడం ఆపలేదు ఆయన.
"అయితే ఆమెకి ఎవరూ లేరన్నమాట" అన్నాడు.
కాసేపాగి,
"నా ముసల్దీ నా నెత్తురు కాదు.
నలభై ఏళ్ళు ఒకే గిన్నెలో తాగాం.
పాలు పొయ్యడానికి పన్ను చూడాలా?"
నేను అక్కడే నిలబడ్డాను,
చేతిలో ఉత్తరంతో, జవాబులేని జవానులా.

మళ్ళీ శీతకాలం.
ఆయుర్ మాట తప్పలేదు.
వచ్చిన పళ్ళు వెడల్పుగా, చదునుగా ఉన్నాయి.
వాళ్ళ నాన్న పడమటినుంచి
రైలుపట్టాలు వెయ్యడానికొచ్చినవాడు.
వేలుపెట్టి తడుముకుని
"నాకు పార లేదు" అన్నాడు.
"మరి నన్ను రాస్తావా?"

జాబితా కింద రాశాను, నలభైనాలుగు.
పేరు ముందు గడి ఖాళీగా ఉంచాను.
గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది,
ఎందుకో ఎప్పుడూ అడగలేదు.
వాడి నోటి అచ్చు
నా అరచేతిలో కాసేపు
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా ఉంది.