తొమ్మిదో బుట్ట

ఈ మైదానం ఎవరిదని అడిగితే
మునిసిపల్ ఆఫీసులో సిర్క ఎదురడుగుతుంది:
"ఏ రోజు?"

సోమవారం ఫైరింజన్ వాళ్లది. పైపులు పరిచి
లేని మంటని ఆర్పి వెళతారు.
బుధవారం సాయంత్రం బొమ్మ విమానాల ముసలాళ్లది.
జూన్‌లో గొర్రెలది.
జనవరిలో స్కీ బాటది.
మిగిలిన సందుల్లో, గాలి ఒప్పుకుంటే,
మాది.

మాదంటే నేనూ, రైనో, అతని మేనకోడలు వెన్ల.
తలా నాలుగు ప్లాస్టిక్ పళ్లేలు, సూపు పోస్తే నిలవనివి.
గడ్డిలో అక్కడక్కడా తొమ్మిది ఇనుప బుట్టలు,
ఒక్కోదాని మీదా వేలాడే గొలుసుల గుత్తి.

పక్క ఊళ్లో అడవి కోర్సుంది. అక్కడ గురి తప్పితే
పైన్ చెట్టుని తిట్టుకోవచ్చు.
ఇక్కడ అడ్డం లేదు, సాకూ లేదు.
ఉన్నది గాలొక్కటే,
అదెవరి పక్షమో
చెయ్యి వదిలాక గానీ చెప్పదు.

రైనో ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు.
విసిరే ముందు ఇప్పటికీ
లేని అద్దాల్లోకి చూస్తాడు, ఎడమా, కుడీ.
కుక్కతో ఒకావిడ వస్తోంది. ఆగుతాం.
సైకిలు నేర్చుకుంటున్న పిల్లాడు పడ్డాడు, లేచాడు,
మళ్లీ అక్కడే పడ్డాడు. ఆగుతాం.
ఆటలో సగం ఆగడమే.
స్కోరు కాగితంలో దానికి గడి లేదు.

ఏప్రిల్‌లో మంచు కరిగాక
తొమ్మిదో బుట్ట అంచుకి ఎవరో
ఒక చేతితొడుగు తగిలించి పోయారు.
ఎర్ర ఊలుది, చిన్నది,
బొటనవేలి దగ్గర నీలం దారంతో మాసిక.
దొరికినదాన్ని కంటికి ఆనేచోట పెట్టడం ఇక్కడి అలవాటు.
తీసేయడానికి ఎవరికీ చెయ్యాడలేదు.

తొడుగుకి తగిలితే ఒక విసురు అదనం,
అని వెన్ల అట్ట మీద రాసి బుట్టకి కట్టింది.
జూన్‌లో గొర్రెలు అట్టని తినేశాయి.
నియమం మిగిలింది.
తాంపెరె నుంచి వచ్చిన కుర్రాళ్లు కూడా
నవ్వుతూనే పాటించారు.

ఆగస్టులో ఒక సాయంత్రం, మనుషులు లేని వేళ,
నా పసుపుపచ్చ పళ్లెం గాలి మీద ఒరిగి,
ఇక పోయిందనుకున్న చోట మనసు మార్చుకుని,
ఎనభై మీటర్ల అవతల
గొలుసులు గల్లుమన్నాయి.

ఒక్క విసురు. పదకొండేళ్లలో మొదటిసారి.
నా మోకాళ్ల సంగతి మరిచి పరిగెత్తాను.
బుట్టలో పళ్లెం ఉంది.
పళ్లెం మీద, పట్టుకున్నది నేనే అన్నట్టు,
ఎర్ర తొడుగు.

"ఎవరు చూశారు?" అన్నాడు రైనో.
వెన్ల పెన్సిలు చేతికిచ్చి
అటు తిరిగి షూ లేసు కట్టుకుంది,
కట్టి ఉన్నదాన్నే విప్పి.

రెండు అని రాశాను.
చాలా పెద్ద అంకె, గడి దాటింది.
తొడుగుని మళ్లీ అంచుకి తగిలించాను.

నవంబరు. తురో బుట్టలు పీకి
ఫైర్ స్టేషన్ షెడ్డులోకి చేరుస్తున్నాడు,
స్కీ బాటకి దారి చేస్తూ.
ఆ చెయ్యి ఈపాటికి పెరిగే ఉంటుంది,
ఈ తొడుగు వేలికైనా పట్టదు.
అయినా పళ్లతో కరిచిపట్టి తీసుకెళ్లి
బాట మొదటి గుంజకి తగిలించాడు.

"దీనికి తగిలితే ఎంత?" అని అరిచాడు.

స్కీ వాళ్ల లెక్కలు నాకు తెలియవన్నాను.