మూడొందల నలభై ఎంబీ

ఉరవకొండలో రాత్రి రెండు దాటితే గానీ
నెట్టు నిలకడగా రాదు.
పాత టేపు నుంచి
ఏ పుణ్యాత్ముడో ఎక్కించిన ఫ్లాక్ ఫైలు.
తొంభై ఒకటి కాడ కరెంటు పోయింది.
మళ్ళా మొదట్నుంచీ.

ఇన్నాళ్ళూ నా సెల్లులో ఉన్నది
ఒకరికొకరు పంపగా పంపగా అరిగిపోయిన ఎంపీత్రీ.
నాదస్వరం బాగానే వినపడేది.
నాయన డోలు మాత్రం
రేకు మీద చింతగింజలు పడినట్లుండేది.

ఇప్పుడు ఇయర్‌ఫోన్లో
వేళ్ళ తొడుగులు తోలును తాకే చప్పుడు వేరు,
తోలు తిరిగి లేచే చప్పుడు వేరు.
రెండో నిమిషంలో
చిన్న దగ్గు.

ఒక చెవిది అమ్మకిచ్చినా.
"అప్పుడు గూడా బీడీ మానలేదు సూడు"
అనింది.

ఫైలు పేరులో నాదస్వరం ఆయనొక్కడే ఉన్నాడు.
పక్కన కొట్టినా:
డోలు, గూగూడు కుళ్ళాయప్ప.

సైజు మారలేదు.