చివరి తూము

కర్నూలు, వెంకటరమణ కాలనీ.
ఇరవై నాలుగు ఇండ్లకు మిద్దెపైన డిష్షు ఒకటే.
కరెంటు బిల్లు వెనక గీస్తాన్నాడు మద్దిలేటి:
నిలువునా ఒక తీగ, అంతస్తుకో తూము.

"గొడుగు మా నెత్తినే ఉందే,
మాకే ఇరుకు తూమా?"
నాలుగో అంతస్తు ప్లీడరు సారు.

పెన్సిలు ఆగలే.
వాళ్ల నాయన కేసీ కాలువ కింద
కడగొట్టు మడి రైతు.
పైవాళ్ల గండ్లు దాటి రాని నీళ్లకు
రాత్రంతా పార పట్టుకుని కూచున్న మనిషి.

"పైన నిండుగుంటాది సార్, సన్నది చాలు.
దిగేకొద్దీ తీగే తాగేస్తాది."

మోటరు పక్కన, లెక్కలో లేని గది
సుంకులమ్మది.
ఇరవై ఐదో గీత.

మాపటికి మీటరు పెట్టినాడు.
పైన అరవై ఐదు,
ఆమె గదిలో అరవై నాలుగు.

ఆ ఒక్కటి ఏ గోడలో ఇంకిందో
ఇంకా ఎతుకుతాన్నాడు.